కారే గీజరు మనమే మార్చుకుందాం, కాపలా లేకుండా మాత్రం కాదు

(షోలాపూర్‌లో యూనియన్ ఆఫీసులో ఆదివారం జరిగిన కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించో, బోనస్ గురించో మాట్లాడవలసిన ఈ వేదిక మీద ఇవాళ గీజరు గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు కూడా కూర్చున్నందుకు సంతోషం. చివరిదాకా వింటే ఇది కూడా యూనియన్ మాటేనని మీరే ఒప్పుకుంటారు.

ఒకప్పుడు మన చాళ్ళలో స్నానానికి రాగి బంబు ఉండేది. నడుమ గొట్టంలో కట్టెలో బొగ్గులో వేసి ముట్టిస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగేవి. ఇల్లంతా పొగ నిండినా దాని పైకప్పు తెరిచే ఉండేది కనుక ఆవిరి దారిన ఆవిరి పోయేది. బంబు కారితే కళాయివాడు వచ్చి మాటు వేసి పోయేవాడు. ఇప్పుడు చాలా ఇళ్ళలో బంబు అటక ఎక్కింది. గోడకు గీజరు వచ్చింది. రాత్రి పాళీ చేసి, ఒళ్ళంతా దూది పీచుతో ఇంటికి వచ్చిన మనిషికి వేడి నీళ్ళు భోగం కాదు, అవసరం. తెల్లవారకముందే లేచి, ఇంటి పని ముగించి బీడీలు చుట్టడానికి కూర్చునే మన అక్కచెల్లెళ్ళకూ అంతే.

అయితే బంబుకూ గీజరుకూ ఒక పెద్ద తేడా ఉంది. గీజరు మూసి ఉన్న పాత్ర. అందులో నీళ్ళు, నిప్పు, కరెంటు మూడూ ఒకేచోట ఉంటాయి. సైజింగులో బాయిలరు దగ్గర పనిచేసే మన సోదరులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మాకు ఎదురైన సంగతి

పోయిన చలికాలంలో మన తోటి పనివాడు ఒకతను మా దగ్గరికి వచ్చాడు. "అన్నా, గీజరు కారుతున్నది. మిస్త్రీని పిలిస్తే ఇవాళ రేపు అంటున్నాడు. అతని కోసం ఒక రోజు ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కూలి పోయె. మనమే మార్చుకోరాదా?" అని అడిగాడు. ఎందుకు మార్చుకోరాదు? మగ్గానికి షాఫ్టు ఎక్కించేవాళ్ళం, బేరింగు మార్చేవాళ్ళం, మనకు ఇదొక లెక్కా అనుకున్నాము. ఆదివారం పొద్దున ముగ్గురం వెళ్ళాము. మాలో ఒకరు ఫిట్టరు, ఒకరు సైజింగు బాయిలరు మనిషి, ఒకరు సామాను అందించే మనిషి.

మధ్యాహ్నానికి పాత గీజరు దిగింది, కొత్తది ఎక్కింది. ఎక్కడా చుక్క కారడం లేదు. టీ వచ్చింది. పని అయిపోయిందనుకుని కూర్చున్నాము. అప్పుడు ఆ ఇంటి వదినె టీ గ్లాసులు తీస్తూ మామూలుగా ఒక మాట అన్నది: "ఇంక ఆ పీట తీసెయ్యొచ్చు కదా అన్నా? నెల రోజుల నుంచి నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటుంటే పీట మీద నిలబడి పోసుకుంటున్నాం."

మా చేతిలో టీ చేతిలోనే ఉండిపోయింది. కారే నీళ్ళ మాట మాకు చెప్పారు. కరెంటు మాట ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. లేచి మెయిన్ ఆపి సాకెట్టు మూత విప్పి చూస్తే మూడో రంధ్రం వెనక తీగే లేదు. ఎర్తింగు అనేది పేరుకే ఉంది. పాత గీజరు తిప్పి చూస్తే సేఫ్టీ వాల్వు నీళ్ళు వదిలే చిన్న రంధ్రంలో ఎవరో చెక్క బిరడా కొట్టి ఉంచారు. అది చుక్కలు రాల్చడం చూడలేక ఏ మిస్త్రీయో చేసిన పని. అంటే ఆ ఇంట్లో రెండు ప్రాణగండాలు నెల రోజులుగా కూర్చుని ఉన్నాయి. కొత్త గీజరు పెట్టి, చుక్క కారడం లేదని మురిసిపోయి మేము ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళమే.

అందుకే ఇవాళ చెప్పేది ఒక్కటే మాట. గీజరు మార్చుకోవడం మన చేతనైన పనే. కానీ నీళ్ళు కారడం ఆగితే పని అయినట్టు కాదు. వాల్వు, ఎర్తింగు అనే రెండు కాపలాలు సరిగ్గా ఉంటేనే పని అయినట్టు.

ముందు ఎక్కడ కారుతున్నదో చూడాలి

గీజరు కింద నీళ్ళు కనబడగానే కొత్తది కొనడానికి పరుగెత్తవద్దు. మెయిన్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, చల్లారనిచ్చి, పొడి గుడ్డతో అంతా తుడిచి, ఒక పాత పేపరు ముక్క పట్టుకుని తడి ఎక్కడ మొదలవుతున్నదో వెతకాలి. నాలుగు చోట్ల కారవచ్చు.

మొదటిది, సేఫ్టీ వాల్వు. నీళ్ళు కాగేటప్పుడు వ్యాకోచిస్తాయి. 15 లీటర్ల గీజరులో నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు నీళ్ళు పెరుగుతాయి. వెనక్కు పోయే దారి లేకపోతే ఆ పెరిగిన నీళ్ళే వాల్వు నుంచి చుక్కలుగా రాలతాయి. కాగేటప్పుడు మాత్రమే రాలి, చల్లారాక ఆగిపోతే అది జబ్బు కాదు, వాల్వు తన డ్యూటీ చేస్తున్నదని అర్థం. పగలూ రాత్రీ ఆగకుండా కారితే వాల్వు మార్చాలి, గీజరు కాదు.

రెండోది, కనెక్షను పైపుల బిగింపు. వాషరు చితికి ఉంటుంది. కొద్ది రూపాయల ఖర్చు.

మూడోది, అడుగున హీటరు కడ్డీ బిగించిన పళ్ళెం చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్టు. అది ఎండి పగిలితే ఆ కంపెనీ, ఆ మోడలు గ్యాస్కెట్టే తెచ్చి వెయ్యాలి. కరెంటు కనెక్షన్ల పక్కనే నీళ్ళు కారతాయి కనుక మార్చేదాకా గీజరు వాడనే వాడకూడదు.

నాలుగోది, లోపలి ట్యాంకే చిల్లు పడటం. పై డొక్కులో నుంచి, అతుకుల దగ్గర నుంచి తుప్పు రంగు నీళ్ళు వస్తాయి. దీనికి మందు లేదు. ఎం-సీల్ పెట్టినా, వెల్డింగు చేయించినా నిలవదు. అప్పుడు గీజరు మార్చవలసిందే.

ట్యాంకు ఎందుకు చిల్లు పడుతుంది? లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకు ఉక్కును తినవలసిన తుప్పు ముందు ఆ కడ్డీని తింటుంది. కడ్డీ అరిగిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో సున్నం పేరుకుని హీటరు కడ్డీ కూడా త్వరగా కాలిపోతుంది. ఏడాదికి ఒకసారి విప్పి సున్నం గీకి, మెగ్నీషియం కడ్డీ సన్నబడితే మార్చుకుంటే గీజరు చాలా ఏళ్ళు ఎక్కువ వస్తుంది. మగ్గానికి నూనె వేసినట్టే ఇదీను.

కొనేటప్పుడు

ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పక్కన ఐ.ఎస్. 2082 అనే సంఖ్య చూడండి. అది నీళ్ళు నిల్వ ఉంచే కరెంటు గీజర్లకు ఉన్న భారతీయ ప్రమాణం. గుర్తు లేని సరుకు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. నలుగురైదుగురు ఒకరి తరువాత ఒకరు బకెట్టుతో పోసుకునే ఇంటికి 15 లీటర్లది చాలు. పాత గీజరు కొక్కేల మధ్య దూరం కొలిచి రాసుకుని పోతే గోడకు కొత్త రంధ్రాల పని తప్పవచ్చు. నీళ్ళతో నిండిన 15 లీటర్ల గీజరు పాతిక కిలోల దాకా తూగుతుంది. ఆ బరువు పెళ్ళలు రాలే గోడకు, బోలు ఇటుకకు వేలాడదీయవద్దు.

కరెంటు గీజరు బదులు గ్యాసు గీజరు పెట్టుకుంటామనేవారికి ఒక్క హెచ్చరిక. దాన్ని మూసి ఉన్న స్నానాల గదిలో పెట్టవద్దు. గ్యాసు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి స్పృహ తప్పి అక్కడే ప్రాణం పోగొట్టుకుంటాడు.

దింపడం, ఎక్కించడం

పనికి ఇద్దరు ఉండాలి. రెండు స్క్రూ పానాలు, స్క్రూ డ్రైవరు, టెఫ్లాన్ టేపు, కొత్త వాషర్లు, కొత్త కనెక్షను పైపులు రెండు, బకెట్లు రెండు సిద్ధం చేసుకోవాలి.

స్విచ్చి ఆపితే చాలదు. మెయిన్ ఆపి ప్లగ్గు ఊడదీయాలి. స్విచ్చి ఫేజు మీద కాక న్యూట్రల్ మీద పెట్టిన ఇళ్ళు ఉన్నాయి. అక్కడ స్విచ్చి ఆపినా గీజరులో కరెంటు ఉంటుంది. ప్లగ్గు లేకుండా తీగలు నేరుగా గోడలోకి పోయి ఉంటే మీరు ముట్టుకోవద్దు, వైర్‌మన్‌ను పిలవండి.

నీళ్ళు చల్లారడానికి కొన్ని గంటలు ఆగాలి. తరువాత గీజరుకు వచ్చే నీళ్ళ వాల్వు కట్టి వేడి నల్లా తిప్పి ఉంచాలి. కింద బకెట్టు పెట్టి ముందు వేడి పైపు విప్పాలి, తరువాత చల్లటి పైపు, దానితో సేఫ్టీ వాల్వు కూడా విప్పాలి. వేడి పైపు దారిన గాలి లోపలికి పోతుంది, చల్లటి పైపు దారిన నీళ్ళు కిందికి దిగుతాయి. పూర్తిగా దిగాకే ఇద్దరూ పట్టుకుని కొక్కేల నుంచి పైకి ఎత్తి దించాలి. అడుగున సున్నం బురద ఉంటుంది, మీరు అనుకున్నదానికంటే బరువు ఉంటుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు నీలం గుర్తు చల్లటి నీళ్ళు లోపలికి వచ్చే దారి, ఎరుపు గుర్తు వేడి నీళ్ళు బయటికి పోయే దారి. గీజరుతో వచ్చిన సేఫ్టీ వాల్వు నీలం వైపే, దాని మీద బాణం గుర్తు గీజరు వైపు చూసేటట్టు పెట్టాలి. పాత వాల్వు బాగానే ఉంది కదా అని మళ్ళీ వాడవద్దు. టెఫ్లాన్ టేపు మరల మీద, బిగించేటప్పుడు తిరిగే వైపే, కండెకు నూలు చుట్టినట్టు వదులు లేకుండా ఏడెనిమిది చుట్లు చుట్టాలి. రబ్బరు వాషరు ఉన్న కనెక్షను పైపుకు టేపు అక్కరలేదు, వాషరే ఆపుతుంది. గీజరు ముక్కును ఒక పానాతో పట్టుకుని రెండో పానాతో బిగించాలి. బలం ఉంది కదా అని బిగిస్తే ముక్కు విరిగి కొత్త గీజరు కూడా పాతదాని పక్కకే చేరుతుంది. వేడి నీళ్ళ వైపు మామూలు పి.వి.సి. పైపు వాడవద్దు, వేడికి మెత్తబడుతుంది. సి.పి.వి.సి. గానీ ఇనుపది గానీ వాడాలి.

మొదటి కాపలా: సేఫ్టీ వాల్వు

మామూలుగా థర్మోస్టాట్ వేడిని చూసి కరెంటు ఆపుతుంది. అది చెడిపోతే కటౌటు ఆపుతుంది. రెండూ చెడిపోతే నీళ్ళు కాగుతూనే ఉంటాయి, లోపల ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఇంటిని కాపాడేది ఆ చిన్న వాల్వు ఒక్కటే. నీరు ఆవిరైతే సుమారు 1600 రెట్లు చోటు కావాలి. ట్యాంకు పగిలిన క్షణంలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. బాయిలర్ల కోసం మన దేశంలో 1923లోనే ఒక చట్టం చేశారు, 2025లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. అంత పెద్ద పాత్రకు ఇనస్పెక్టరు ఉన్నాడు. మన గోడ మీది గీజరుకు ఇనస్పెక్టరు మనమే. వాల్వు రంధ్రానికి బిరడా పెట్టకూడదు. వాల్వుకూ గీజరుకూ నడుమ కట్టే నల్లా ఉండకూడదు. చుక్కలు చికాకైతే రంధ్రానికి సన్న గొట్టం తగిలించి మోరీలోకి వదలండి. గొట్టం రెండో కొస ఎప్పుడూ తెరిచే ఉండాలి.

రెండో కాపలా: ఎర్తింగు

2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావాలి. టీవీ పెట్టుకునే చిన్న సాకెట్టు పనికిరాదు, కాలిపోతుంది. పెద్ద ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే మూడో కాలే ఎర్తు. మిగతా రెండిటికంటే ముందు తగిలి, వాటి తరువాత వదలాలనే దాన్ని అంత పొడుగు చేశారు. హీటరు కడ్డీ పగిలి కరెంటు నీళ్ళలోకో, డొక్కుకో వస్తే అది ఎర్తు తీగ దారిన పోవాలి. ఆ దారి లేకపోతే నల్లా పట్టుకున్న మనిషి గుండా పోతుంది. పీట మీద నిలబడితే సరిపోదు. తడి చెయ్యి గోడకు ఆనితే చాలు.

"మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది, షాకు కొడితే అదే పడిపోతుంది" అని కొందరు ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం తప్పు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. తీగలను కాపాడటానికి పెట్టింది. షాకు నుంచి మనిషిని కాపాడటానికి పెట్టే ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోవాలి. 16 ఆంపియర్లు దానికి ఐదు వందల రెట్ల పైమాట. ఎం.సి.బి. కదలకముందే మనిషి అయిపోతాడు. అందుకని ఎర్తింగుతోపాటు ఆర్.సి.సి.బి. కూడా పెట్టించుకోవాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానవద్దు.

ఇంకొక దొంగ పని ఉంది. ఎర్తు తీగ లేనిచోట సాకెట్టు లోపలే ఎర్తు రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపి "ఎర్తింగు ఇచ్చాను" అని చెప్పి డబ్బు తీసుకుపోయేవాళ్ళు ఉన్నారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున గీజరు డొక్కు అంతా కరెంటే. నీళ్ళ పైపుకు ఎర్తు తీగ చుట్టడమూ అంతే. ఇనుప పైపుల కాలం పోయి నడుమ ప్లాస్టిక్ పైపులు వచ్చాక ఆ తీగ ఎక్కడికీ చేరదు.

ఇక్కడే మన హద్దు మనం తెలుసుకోవాలి. ఇంట్లో ఉన్న సామాను తీసి అంతే శక్తి ఉన్న సామాను పెట్టుకోవడానికి 1956 నాటి విద్యుత్ నియమాలే మినహాయింపు ఇచ్చాయి. గోడలో కొత్త తీగ లాగడం, కొత్త సాకెట్టు పెట్టడం, ఎర్తు గుంత తవ్వడం మాత్రం లైసెన్సు ఉన్నవారి పని. పైపులు మనవి, తీగలు వైర్‌మన్‌వి. ఆ కొన్ని రూపాయల దగ్గర పిసినారితనం వద్దు.

చివరి పరీక్ష

కరెంటు పెట్టకముందు నీళ్ళ వాల్వు తిప్పి, వేడి నల్లా తెరిచి ఉంచాలి. గాలి బుసబుసలు పోయి ధార సమంగా వచ్చేదాకా ఆగాలి. ట్యాంకు నిండకుండా స్విచ్చి వేస్తే కడ్డీ అక్కడే కాలిపోతుంది. నల్లా కట్టి అన్ని బిగింపుల కింద పొడి పేపరు పెట్టి అరగంట చూడాలి. పేపరు పొడిగా ఉంటేనే, ఎర్తింగు సరిగ్గా ఉందని వైర్‌మన్ పరీక్షించి చెప్పాకే, ప్లగ్గు పెట్టాలి. వేడి 60 డిగ్రీలు దాటనివ్వవద్దు, పసిపిల్లల ఒళ్ళు కాలుతుంది. కాగాక స్విచ్చి ఆపి స్నానానికి పోవడం అందరూ అలవాటు చేసుకోవాలి. నల్లా కొంచెం జుమ్మన్నా ఆ రోజే ప్లగ్గు ఊడదీయాలి.

యూనియన్ ఏం చెయ్యాలి?

ఆ ఇంట్లో మేము కొత్త గీజరుకు ప్లగ్గు పెట్టకుండానే వచ్చేశాము. వదినె నాలుగు రోజులు పొయ్యి మీదే నీళ్ళు కాచుకున్నది. ఇంటి యజమానిని అడిగితే "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, మీకే వచ్చిందా?" అన్నాడు. అప్పుడు అదే వరుసలో మిగతా గదులు చూశాము. వాటిలోనూ కొన్నిటికి ఎర్తు తీగ లేదు. ఒక్కడు అడిగితే కసిరిన మనిషి, ఆ వరుసలో అద్దెకున్నవాళ్ళంతా కలిసి గుమ్మం ముందు నిలబడితే వైర్‌మన్‌ను పిలిపించాడు. కార్ఖానాలో బెల్టుకు జాలీ కావాలని ఒక్కడు అడిగితే ఏమవుతుందో, పదిమంది అడిగితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

కాబట్టి మూడు పనులు చేద్దామని మీ ముందు పెడుతున్నాము. ఒకటి, యూనియన్ ఆఫీసులో ఒక సామాను పెట్టె ఉంచుదాం. డ్రిల్లు, పానాలు, టేపు, వాషర్లు అందులో ఉంటాయి. సంతకం పెట్టి తీసుకుపోవాలి, తిరిగి తెచ్చి పెట్టాలి. రెండు, గీజరు మార్చేటప్పుడు ఎవరూ ఒంటరిగా చెయ్యవద్దు, తెలిసినవాడు ఒకడు వెంట పోవాలి, తెలియనివాడు ఒకడు నేర్చుకోవాలి. మూడు, ఈ చలికాలం ముందే ప్రతి చాళ్ళో సాకెట్లకు ఎర్తింగు ఉందో లేదో లైసెన్సు ఉన్న వైర్‌మన్‌తో చూపించి, లేనిచోట యజమానిని అందరం కలిసి అడుగుదాం.

మగ్గం దగ్గర జాలీ లేకపోతే మనం పనిలో దిగం. ఇంట్లో స్నానాల గదిలోకి మన ఆడవాళ్ళు, పిల్లలు రోజూ కాపలా లేకుండానే పోతున్నారు. ఇవాళ ఇంటికి పోగానే గీజరు కిందికి వంగి వాల్వు రంధ్రం తెరిచి ఉందో లేదో చూడండి. నల్లా ముట్టుకుంటే ఏమైనా అవుతున్నదా అని ఇంట్లోవాళ్ళను అడగండి. మేము ఆ రోజు అడగడం మరిచింది ఈ ఒక్క ప్రశ్నే.

సెలవు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!